97 నిమిషాల 11 సెకన్ల ఫైనల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత నెల ఈ శీర్షికలో విద్యార్థి క్రీడల్లో సుదీర్ఘంగా సాగిన ఫైనల్ పోటీల గురించి రాస్తూ, 1984లో అమెరికా కళాశాలల ఐస్ హాకీ ఫైనల్ నాలుగో ఓవర్‌టైమ్ (స్కోరు సమమైతే ఆడించే అదనపు సమయం) దాకా వెళ్ళిందని ఒక్క వాక్యం రాసి ముందుకు సాగిపోయాము. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని పాఠకులు రాసిన ఉత్తరాలను చూశాక, ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ పోటీకే కేటాయించడం న్యాయమనిపించింది. మంచు మీద ఆడే హాకీ మన పాఠకుల్లో చాలామందికి కొత్త కాబట్టి, ఆట నియమాలను అవసరమైన చోట అవసరమైన మేరకు మాత్రమే వివరించాము.

ప్రశ్న: మా అమ్మాయి మిన్నెసోటా విశ్వవిద్యాలయం డులూత్ ప్రాంగణంలో ఎం.ఎస్. చదువుతోంది. తను అద్దెకు ఉంటున్న ఇంటి యజమాని డెబ్బై దాటిన పెద్దమనిషి. హాకీ మాట వస్తే చాలు, "ఆ బోర్డుకు పగులే లేకపోయి ఉంటే" అని నిట్టూరుస్తారట. ఏమిటా పగులు? అసలేం జరిగింది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: ఆ పెద్దమనిషి తలచుకుంటున్నది 1984 మార్చి 24న న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్ అనే చిన్న కొండ ఊరిలో జరిగిన ఫైనల్‌ను. కళాశాలల జాతీయ క్రీడా సంఘమైన ఎన్‌సీఏఏ నిర్వహించే ఆ పోటీలో ఆ ఏడాది ఎనిమిది జట్లు ఉన్నాయి. తొలి దశలో ప్రతి జంటకూ రెండేసి మ్యాచ్‌లు పెట్టి, రెండింటిలోనూ కలిపి ఎవరు ఎక్కువ గోల్స్ చేస్తే వారిని ముందుకు పంపారు. మిగిలిన నాలుగు జట్లు లేక్ ప్లాసిడ్‌కు చేరుకున్నాయి. సెమీఫైనల్‌లో ఒహాయో రాష్ట్రానికి చెందిన బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయం మిషిగన్ స్టేట్‌ను 2–1తో ఓడించగా, డులూత్ జట్టు నార్త్ డకోటాను అదే 2–1తో, కాకపోతే ఓవర్‌టైమ్ దాకా లాగి, ఓడించింది.

ఫైనల్‌లో మూడో పీరియడ్ నడుస్తుండగా డులూత్ 4–2 ఆధిక్యంలో ఉంది. ఐస్ హాకీలో ఇరవై నిమిషాల పీరియడ్లు మూడే కాబట్టి, చివరి పీరియడ్‌లో రెండు గోల్స్ ముందుండటమంటే కప్పు మీద దాదాపు చెయ్యి వేసినట్టే. బౌలింగ్ గ్రీన్ ఒక గోల్ తిరిగి సాధించి తేడాను 4–3కు తగ్గించింది. ఆట ముగియడానికి ఇంకా 1 నిమిషం 47 సెకన్లు ఉన్నాయనగా, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) డులూత్ గోల్ వెనకవైపు బోర్డుల వెంబడి దూసుకువచ్చింది. రింక్ (మంచు పరిచిన ఆటస్థలం) చుట్టూ కంచెలా నిలిచే ఆ బోర్డులు ఒక్కొక్క పలకగా అమర్చినవి. రెండు పలకలు కలిసే చోట సన్నని సందు ఉంటుంది. బోర్డును ఆనుకుని వచ్చే పక్‌ను ఆపేందుకు డులూత్ గోలీ (గోల్‌కీపర్) రిక్ కోస్టీ గోల్ వదిలి వెనక్కి వెళ్ళాడు. మామూలుగానైతే పక్ బోర్డు వంపును అనుసరించి నేరుగా అతని కర్ర దగ్గరికి వచ్చేది. ఆ రోజు అది బోర్డులోని పగులుకు తగిలి, దారి మళ్ళి, ఎవరూ లేని గోల్ ముందుకు వచ్చి పడింది. అక్కడ ఉన్నది బౌలింగ్ గ్రీన్ ఆటగాడు జాన్ సమాన్‌స్కీ. కోస్టీ తిరిగి వచ్చేలోపే పక్ వలలో ఉంది.

స్కోరు 4–4 అయింది. అక్కడి నుంచి మూడు ఓవర్‌టైమ్‌లు గోల్ లేకుండానే ముగిశాయి. నాలుగో ఓవర్‌టైమ్‌లో 7 నిమిషాల 11 సెకన్ల దగ్గర జీనో కవల్లీనీ గోల్ చేయడంతో బౌలింగ్ గ్రీన్ 5–4తో విజేత అయింది. మొత్తం ఆడిన సమయం 97 నిమిషాల 11 సెకన్లు. డులూత్ వాసులకు నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది ఆ సందు దగ్గరే కాబట్టి, మీ అమ్మాయి ఇంటి యజమాని నిట్టూర్పులో అర్థముంది. అయితే ఆయన మాట పూర్తిగా నిజమా అంటే, తర్వాతి ప్రశ్నకు రాసిన జవాబు కూడా చదవండి.

ప్రశ్న: గోల్‌కీపర్ గోల్‌ను ఖాళీగా వదిలి వెనక్కి వెళ్ళడమేమిటి? మన ఫుట్‌బాల్‌లో అలా చేస్తే కోచ్ మర్నాడు జట్టులో ఉంచడు కదా! ఓటమికి ఆ గోలీయే కారణమని ఎందుకు అనకూడదు?
– కళాశాల ఫుట్‌బాల్ ఆటగాడు, కర్నూలు

జవాబు: మీ ప్రశ్న సూటిగా ఉంది, జవాబు కూడా సూటిగానే చెబుతాము: అనకూడదు.

ఫుట్‌బాల్ మైదానంలో బంతి గీత దాటితే బయటికి పోయినట్టే. ఐస్ హాకీ రింక్‌లో బయట అనేదే లేదు. గోల్ వెనక కూడా ఆట నడుస్తుంది. గోల్ చట్రానికీ వెనక బోర్డుకూ మధ్య ఆటగాళ్ళు తిరిగేంత చోటు ఉంటుంది. దాడి చేసే జట్టు తరచూ వాడే ఎత్తుగడ ఏమిటంటే, పక్‌ను ప్రత్యర్థి మూలలోకి గట్టిగా కొట్టి పంపి, దాని వెంట ఇద్దరు ముగ్గురు స్కేటింగ్ చేస్తూ పరుగెత్తి రక్షకుల మీద ఒత్తిడి పెట్టడం. వంపు తిరిగిన బోర్డుల మీదుగా పక్ అవతలి మూలకు జారిపోయిందంటే రక్షకులు దాని వెనక పరుగులు పెట్టాలి. అందుకే గోలీ ఒక అడుగు ముందే వెనక్కి వెళ్ళి, పక్‌ను తన కర్రతో ఆపి, సొంత రక్షకుడి కోసం అక్కడే నిలబెట్టి, తిరిగి గోల్‌లోకి వస్తాడు. ఇది సాహసం కాదు, నేర్పించే పద్ధతి. ఏ గోలీ అయినా ఒక్కో మ్యాచ్‌లో చాలాసార్లు చేసే పని. ఒక గోల్ ఆధిక్యంలో, రెండు నిమిషాలు కూడా మిగలని వేళ, పక్‌ను ప్రత్యర్థికి దక్కకుండా ఆపడం మరింత అవసరం. కోస్టీ చేసింది అదే.

ఇక పక్ స్వభావం కూడా తెలుసుకోవాలి. అది గట్టిపరచిన రబ్బరు బిళ్ళ. మూడు అంగుళాల వ్యాసం, ఒక అంగుళం మందం ఉంటుంది. బంతి గోడకు తగిలితే ఎటు వస్తుందో అలవాటు మీద ఊహించగలం. బిళ్ళ అయితే అంచు తగిలిందా, చదును తగిలిందా అన్నదాన్ని బట్టి ఎగురుతుంది. అంచు పలకల సందుకు తగిలిందంటే ఇక దాని దారి ఎవరి చేతిలోనూ ఉండదు.

అయినా అదృష్టం అన్న ఒక్క మాటతో దీన్ని కొట్టిపారేయడం మాకు నచ్చదు. బోర్డులు ఇరు జట్లకూ ఒక్కటే. ఆ మూడు పీరియడ్లలోనూ ఇద్దరి పక్‌లూ ఆ చెక్కలకే తగిలాయి. పగులు పక్‌ను గోల్ ముందుకు తెచ్చి పెట్టగలదు గానీ, అక్కడ ఒక ఆటగాణ్ణి నిలబెట్టలేదు. రెండు గోల్స్ వెనకబడిన జట్టు చివరి నిమిషాల్లో కూడా దాడిని వదలకుండా గోల్ ముందుకే పరుగెత్తింది కాబట్టి సమాన్‌స్కీ అక్కడ ఉన్నాడు. అంతకన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. ఆ గోల్‌తో డులూత్ ఓడిపోలేదు. స్కోరు సమమైంది, అంతే. ఆ తర్వాత కోస్టీ అదే గోల్‌లో, అంత గుండెకోత పడ్డాక కూడా, మరో 37 నిమిషాలు నిలబడ్డాడు. ఆ సమయమంతా ఒక్క తప్పు చేసినా ఆట అయిపోయేది. ఆ 37 నిమిషాలను పక్కన పెట్టి, పగులు దగ్గర గడిచిన ఆ రెండు మూడు సెకన్లనే గుర్తుంచుకోవడం ఆ కుర్రవాడి పట్ల మనం చేసే అన్యాయం.

ప్రశ్న: నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడితే 140 నిమిషాలు కావాలి కదా, 97 నిమిషాలే ఎలా అయింది? ఆ రికార్డు ఇప్పటికీ నిలిచి ఉందా?
– బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జవాబు: ఒక్కో ఓవర్‌టైమ్ 20 నిమిషాలన్న ఇప్పటి నియమంతో లెక్కిస్తే మీకు ఆ సందేహం రావడం సహజం. ఆనాడు కళాశాలల పోటీలో ఓవర్‌టైమ్ నిడివి 10 నిమిషాలే. మామూలు ఆట 60 నిమిషాలు, మూడు పూర్తి ఓవర్‌టైమ్‌లు కలిపి 30 నిమిషాలు, నాలుగోదానిలో 7 నిమిషాల 11 సెకన్లు: వెరసి 97 నిమిషాల 11 సెకన్లు. మొదటి గోల్ పడగానే ఆట ముగుస్తుంది. ప్రో కబడ్డీలో గోల్డెన్ రెయిడ్ చూసినవారికి ఆ ఉత్కంఠ కొంతవరకు అర్థమవుతుంది, కాకపోతే ఇక్కడ అలాంటి క్షణం 37 నిమిషాల పాటు సాగింది.

ఎన్‌సీఏఏ ఫైనల్స్ వరకు చూస్తే అంతకన్నా పొడవైన ఆట మరొకటి లేదు. దగ్గరికి వచ్చింది 1991 ఫైనల్. సెయింట్ పాల్ నగరంలో నార్తర్న్ మిషిగన్ జట్టు బోస్టన్ విశ్వవిద్యాలయాన్ని మూడో ఓవర్‌టైమ్‌లో 8–7తో ఓడించింది. అది 81 నిమిషాల 57 సెకన్లు సాగింది. ఫైనల్స్ కాని పోటీలను కలుపుకుంటే అంతకన్నా చాలా పొడవైన ఆటలు ఉన్నాయి. వాటిలో ఒకదానికీ డులూత్‌కూ ఉన్న సంబంధాన్ని చివరి ప్రశ్న దగ్గర చెబుతాము.

సమయం మీద మరొక్క మాట. ఐస్ హాకీలో ఆటగాళ్ళు ముప్పావు నిమిషం, ఒక నిమిషం ఆడి బెంచీకి వచ్చేస్తారు, వారి స్థానంలో మరో వరుస దిగుతుంది. అంత వేగంతో అంతకుమించి స్కేటింగ్ చేయడం కష్టం. గోలీకి ఆ వెసులుబాటు లేదు. పైగా లేక్ ప్లాసిడ్ రింక్ ఒలింపిక్ కొలతలతో కట్టినది. అమెరికాలో మామూలు రింక్ వెడల్పు 85 అడుగులైతే, ఇది దాదాపు 100 అడుగులు. చదరంగం బల్ల పెద్దదైతే గుర్రానికి అలుపు రాదు గానీ, మనిషికి వస్తుంది.

ప్రశ్న: లేక్ ప్లాసిడ్ అంటే 1980లో అమెరికా జట్టు సోవియట్ యూనియన్‌ను ఓడించిన చోటే కదా? మా నాన్నగారు ఆ మ్యాచ్ గురించి చెబుతుండేవారు. రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఊరూ అదే, భవనమూ అదే. లేక్ ప్లాసిడ్‌లో రెండుసార్లు, 1932లోనూ 1980లోనూ, శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. 1980 ఫిబ్రవరి 22న అక్కడ అమెరికా జట్టు సోవియట్ జట్టును 4–3తో ఓడించి, రెండు రోజుల తర్వాత ఫిన్లాండ్‌పై 4–2తో గెలిచి స్వర్ణం అందుకుంది. ఆనాటి అమెరికా జట్టులో వృత్తి ఆటగాళ్ళు లేరు. దాదాపు అందరూ కళాశాలల నుంచి వచ్చిన యువకులే. శిక్షకుడు హెర్బ్ బ్రూక్స్ కూడా మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కోచ్‌గా పనిచేసినవారే. ఆ రింక్‌కు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ మొదలవుతుంది. ఆ ఒలింపిక్ జట్టులో డులూత్ నుంచి వచ్చినవారు ఇద్దరు: మార్క్ పావెలిచ్, జాన్ హారింగ్టన్. బౌలింగ్ గ్రీన్ నుంచి వచ్చినవారు కూడా ఇద్దరే: కెన్ మారో, మార్క్ వెల్స్. సోవియట్ జట్టు మీద గెలుపు గోల్ చేసింది మైక్ ఎరుజియోనే అని మీ నాన్నగారు చెప్పే ఉంటారు. ఆ గోల్‌కు సాయపడినవారిగా స్కోరు పట్టికలో నమోదైన రెండు పేర్లూ పావెలిచ్, హారింగ్టన్‌లవే. అంటే అంతకు నాలుగేళ్ళ క్రితం ఒకే చొక్కా వేసుకుని ఒకే పతకాన్ని మెడలో వేసుకున్న నలుగురి కళాశాలలు, అదే మంచు మీద, ఈసారి ఎదురెదురుగా నిలబడ్డాయి. ఈ సంగతి యాదృచ్ఛికమే, కాదనము. అయినా ఎక్కడో మూల ఉన్న రెండు చిన్న ఊళ్ళ కళాశాలలు అప్పటికే ఎంత బలమైన ఆటగాళ్ళను తయారు చేస్తున్నాయో ఇది చూపిస్తుంది.

డులూత్ అంటే సుపీరియర్ సరస్సు పశ్చిమపు కొసన ఉన్న ఓడరేవు. దానికి ఉత్తరాన ఐరన్ రేంజ్ అని పిలిచే ఇనుప ఖనిజపు నేల ఉంది. అక్కడి గనుల ఊళ్ళ పిల్లలకు, మన పల్లెల్లో పిల్లలకు కర్రాబిళ్ళలా, గడ్డకట్టిన చెరువుల మీద హాకీ చిన్నప్పటి నుంచీ ఆట. పావెలిచ్, హారింగ్టన్ ఆ ఊళ్ళవారే. డులూత్ కోచ్ మైక్ సెర్టిచ్ కూడా ఆ ప్రాంతం వాడే.

ప్రశ్న: బౌలింగ్ గ్రీన్ అనేది జట్టు పేరా, ఊరి పేరా? వాళ్ళు మళ్ళీ గెలిచారా?
– డిగ్రీ విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: ఊరి పేరు. ఒహాయో రాష్ట్రంలో టొలీడో నగరానికి దక్షిణాన ఉన్న చిన్న ఊరు. కెంటకీ రాష్ట్రంలో కూడా ఇదే పేరుతో మరో ఊరు, అక్కడ మరో విశ్వవిద్యాలయం ఉండడం వల్ల అమెరికాలోనే తికమకపడేవారున్నారు కాబట్టి, మీరు అడగడంలో తప్పేమీ లేదు. జట్టు పేరు ఫాల్కన్స్, అంటే డేగలు. డులూత్ జట్టును బుల్‌డాగ్స్ అంటారు.

1984 తర్వాత బౌలింగ్ గ్రీన్ మళ్ళీ జాతీయ కప్పు గెలవలేదు. అది ఇప్పటికీ వారి ఏకైక టైటిల్. దాని విలువ తెలియాలంటే అంతకు ముందటి ఏడాది సంగతి తెలియాలి. 1983లో వారు తమ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి కూడా జాతీయ పోటీకి పిలుపు అందుకోలేకపోయారు. అప్పట్లో ఎనిమిది జట్లకే చోటు కాబట్టి, ఎవరికి పిలుపు పంపాలో ఎంపిక సంఘమే నిర్ణయించేది. మరుసటి ఏడాది వెనకబడినప్పుడు కూడా వాళ్ళు పట్టు వదలకపోవడానికి అది కూడా ఒక కారణమై ఉండవచ్చునని మా ఊహ.

ఆ జట్టు శిక్షకుడు జెర్రీ యార్క్‌కు అప్పుడు 38 ఏళ్ళు. 1994లో ఆయన తాను ఒకప్పుడు ఆడిన బోస్టన్ కాలేజీకి కోచ్‌గా తిరిగి వెళ్ళి, 2001, 2008, 2010, 2012 సంవత్సరాల్లో నాలుగు టైటిళ్ళు గెలిపించారు. 2019లో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కించుకుని, 2022లో పదవీ విరమణ చేశారు. అంత పొడవైన వృత్తి జీవితంలో మొదటి కప్పు మాత్రం లేక్ ప్లాసిడ్‌లో పగులు సాయంతో సమమైన మ్యాచ్‌దే.

ప్రశ్న: వాళ్ళు నిజంగా చదువుకునే విద్యార్థులేనా? తర్వాత ఏమయ్యారు?
– ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: విద్యార్థులే. డబ్బు తీసుకుని ఆడే లీగ్ అయిన ఎన్‌హెచ్ఎల్ క్లబ్బులు విద్యార్థిని ముందుగానే ఎంపిక చేసుకుని హక్కు రాసుకోవచ్చు. ఆ విద్యార్థి కళాశాలలోనే ఆడుతూ, చదువు ముగిశాక లేదా తనకు వీలైనప్పుడు క్లబ్బులో చేరతాడు. కాబట్టి కళాశాల ఫైనల్‌లో ఆడేవారిలో రేపటి ఎన్‌హెచ్ఎల్ ఆటగాళ్ళు ఎప్పుడూ కొందరు ఉంటారు.

ఆ రోజు ఉన్నవారిలో డులూత్ రక్షకుడు టామ్ కర్వర్స్ 1984 సంవత్సరానికి హోబీ బేకర్ పురస్కారం అందుకున్నాడు. దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే ఈ పురస్కారం, ప్రిన్స్‌టన్‌లో ఆడి 1918లో ఫ్రాన్స్‌లో విమాన ప్రమాదంలో మరణించిన ఆటగాడి పేరిట 1981లో మొదలైంది. కర్వర్స్ ఆ తర్వాత మాంట్రియల్ జట్టుతో 1986లో ఎన్‌హెచ్ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు. మరుసటి ఏడాది హోబీ బేకర్ కూడా డులూత్‌కే, బిల్ వాట్సన్‌కు, దక్కింది. బౌలింగ్ గ్రీన్ వైపు గెలుపు గోల్ కొట్టిన కవల్లీనీ, రక్షకులు గ్యారీ గ్యాలీ, డేవ్ ఎలెట్ ఎన్‌హెచ్ఎల్‌లో చాలా ఏళ్ళు ఆడారు. టోర్నమెంటులో అత్యుత్తమ ఆటగాడిగా మాత్రం వీరెవరినీ ఎంచలేదు. ఆ గౌరవం బౌలింగ్ గ్రీన్ గోలీ గ్యారీ క్రూజిచ్‌కు దక్కింది. తొమ్మిది గోల్స్ పడిన మ్యాచ్‌లో గోలీకి బహుమతి ఏమిటని అడగబోయేవారు ఆ 37 నిమిషాలను మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ప్రశ్న: ఈ పోటీ ఎప్పుడు మొదలైంది? ఎక్కువసార్లు గెలిచింది ఎవరు?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: 1948లో కొలరాడో స్ప్రింగ్స్‌లోని బ్రాడ్‌మూర్ హోటల్ వారి రింక్‌లో నాలుగు జట్లతో మొదలైంది. ఫైనల్‌లో మిషిగన్ 8–4తో డార్ట్‌మత్‌ను ఓడించింది. మొదటి పదేళ్ళూ అదే చోట జరిగింది. జట్ల సంఖ్య 1988లో పన్నెండుకు, 2003లో పదహారుకు పెరిగింది. టైటిళ్ళలో చాలా కాలం మిషిగన్ తొమ్మిదితో ముందుండగా, 2024లో డెన్వర్ తన పదోదాన్ని గెలిచి దాటేసింది.

ప్రశ్న: నేను 2009 నుంచి 2013 వరకు మిన్నెసోటాలో ఉన్నాను. డులూత్ వాళ్ళు ఏదో కప్పు గెలిచారని ఊరంతా సంబరపడటం గుర్తుంది. అంటే 1984 బాకీ తీరినట్టేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయవాడ

జవాబు: మీకు గుర్తున్నది 2011. దానికి ముందు ఒక సంగతి చెప్పాలి. 1984 గాయం మానకముందే 1985లో డులూత్ మళ్ళీ చివరి నలుగురిలోకి వచ్చింది. ఆ ఏడు జట్టులో కొత్తగా చేరిన బ్రెట్ హల్ కూడా ఉన్నాడు. తర్వాతి కాలంలో ఎన్‌హెచ్ఎల్‌లో అత్యధిక గోల్స్ చేసినవారిలో ఒకడైన వాడు. డెట్రాయిట్‌లో జరిగిన సెమీఫైనల్‌లో ఆర్‌పీఐ కళాశాలతో ఆట మూడో ఓవర్‌టైమ్ దాకా వెళ్ళింది. డులూత్ 6–5తో ఓడిపోయింది. ఆర్‌పీఐ ఫైనల్‌లో ప్రావిడెన్స్‌ను 2–1తో ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. రెండేళ్ళ వరుసలో, ఓడిన రెండు ఆటల్లోనే ఏడు ఓవర్‌టైమ్‌లు ఆడి ఏమీ దక్కని ఊరు అది. మొదటి ప్రశ్న అడిగిన మాస్టారి అమ్మాయి ఇంటి యజమాని నిట్టూర్పు ఒక్క పగులు గురించే అయి ఉండదని మా అనుమానం.

2011 ఏప్రిల్ 9న, డులూత్‌కు సుమారు 150 మైళ్ళ దూరంలోని సెయింట్ పాల్‌లో, సొంత రాష్ట్రపు ప్రేక్షకుల మధ్య జరిగిన ఫైనల్‌లో డులూత్, మిషిగన్ 2–2తో సమంగా నిలిచాయి. మళ్ళీ ఓవర్‌టైమ్. ఈసారి మాత్రం ఎక్కువ సేపు పట్టలేదు. 3 నిమిషాల 22 సెకన్ల దగ్గర కైల్ ష్మిట్ గోల్ చేశాడు. స్కాట్ శాండెలిన్ శిక్షణలో డులూత్‌కు దక్కిన మొదటి జాతీయ కప్పు అది. 2018లో నోటర్‌డామ్ మీద 2–1తో, 2019లో మసాచుసెట్స్ మీద 3–0తో మరో రెండు గెలిచారు.

బాకీ అని మీరన్నారు కాబట్టి, లెక్కకు వచ్చే మరో సంగతి. 2021 మార్చి 27న నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గోలో డులూత్ జట్టు నార్త్ డకోటా విశ్వవిద్యాలయంతో తలపడింది. 1984 సెమీఫైనల్‌లో ఓవర్‌టైమ్‌లో ఓడించిన జట్టే, ఈసారి వారి సొంత రాష్ట్రంలో. ఇప్పుడు ఓవర్‌టైమ్ నిడివి 20 నిమిషాలు. నాలుగు ఓవర్‌టైమ్‌లు గోల్ లేకుండా గడిచి, అయిదోదానిలో 2 నిమిషాల 13 సెకన్ల దగ్గర డులూత్ 3–2తో గెలిచింది. ఎన్‌సీఏఏ టోర్నమెంటు చరిత్రలో అతి పొడవైన ఆట అదే, 142 నిమిషాల 13 సెకన్లు. గెలుపు గోల్ చేసిన లూక్ మిలిమాక్ అప్పటికి మొదటి ఏడాది విద్యార్థి. 1984 నాటికి అతను పుట్టనే లేదు.